యాప్ ఇచ్చిన అడ్రస్‌ను డ్రైవర్ ఎంతవరకు నమ్మాలి?

ఫోన్లో కెమెరా తెరిచినా, రేషను షాపులో వేలిముద్ర వేసినా, బడిపిల్లవాడు ట్యాబులో పాఠం చూసినా లోపల జరిగేది ఒకటే. యాప్ తన మెమరీలో ఒకచోట కొన్ని వివరాలు పెట్టి, ఆ చోటు అడ్రస్‌ను, ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి భాగమైన కెర్నెల్‌లో ఉన్న డ్రైవర్‌కు ఇస్తుంది. డ్రైవర్ అక్కడికి వెళ్ళి వివరాలు చదువుకుంటుంది, హార్డ్‌వేర్‌తో పని చేయిస్తుంది, ఫలితాన్ని మళ్ళీ యాప్ మెమరీలోనే రాసిపెడుతుంది. ఇచ్చిన అడ్రస్ నిజంగా ఆ యాప్‌దేనా, కాదా? చిక్కంతా ఇక్కడే. కెర్నెల్‌కు మెషీన్‌లోని మెమరీ మొత్తం మీద అధికారం ఉంటుంది. యాప్ దొంగతనంగా కెర్నెల్ సొంత మెమరీ అడ్రస్ ఇచ్చి, డ్రైవర్ చూసుకోకుండా అక్కడ రాసేసిందా, ఇక ఆ మెషీన్ యాప్ చెప్పినట్టు ఆడుతుంది.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి ముప్పై ఏళ్ళుగా ఏమేం చేశారో, అందులో ఏది పనిచేసిందో, ఏది చేయలేదో ఒకచోట పెట్టి చూడాలని ఈ వ్యాసం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల చదువరులను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ మొదలుపెట్టిన రోజుల్లో పల్లెవాళ్ళు కంప్యూటరు ఉన్న కేంద్రానికి నడిచి వెళ్ళాల్సి వచ్చేది. ఇప్పుడు ఆండ్రాయిడ్ అడుగున నడిచే లినక్స్ కెర్నెల్ అదే పల్లెల్లో ఇంటింటా ఉంది. 2015 నుంచి రేషను షాపుల్లో ఈ-పాస్ యంత్రాలు వచ్చాయి. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచడం మొదలుపెట్టారు. ఇంకోపక్క అంగళ్ళులోని మిట్స్, కుప్పం ఇంజనీరింగ్ కాలేజీ లాంటి చోట్ల కంప్యూటరు సైన్సు చదివిన పిల్లలు బెంగళూరుకో హైదరాబాదుకో చేరుతున్నారు. చిప్ కంపెనీల డ్రైవర్ టీములు ఆ రెండు ఊళ్ళలోనూ ఉన్నాయి. అంటే ఈ లోపం వల్ల నష్టపోయేవాళ్ళూ, దాన్ని బాగుచేయగలిగినవాళ్ళూ ఒకే ఇంట్లో ఉండే అవకాశం ఉంది.

1970ల్లో యునిక్స్ పెరిగిన పీడీపీ-11 మెషీన్లలో ఈ బాధ చాలావరకు లేదు. అక్కడ కెర్నెల్‌కూ యూజర్ ప్రోగ్రాముకూ మెమరీ పటాలు వేర్వేరు. యూజర్ ఇచ్చిన అడ్రస్‌ను కెర్నెల్ నేరుగా వాడితే తగిలేది కెర్నెల్ సొంత మెమరీయే, యూజర్ డేటా కాదు. కాబట్టి అలా రాసిన కోడు మొదటి పరీక్షలోనే తప్పుడు ఫలితమిచ్చి దొరికిపోయేది. యూజర్ డేటా కావాలంటే ప్రత్యేకమైన ఇన్‌స్ట్రక్షన్లు వాడాలి. అందుకే 1975 నాటి ఆరో ఎడిషన్ యునిక్స్‌లోనే ఫ్యూబైట్, కాపీఇన్ లాంటి ఫంక్షన్లు ఉన్నాయి. లినక్స్ తొలి రోజుల్లోనూ ఇలాంటి గోడ ఒకటి ఉండేది. 2.0 దాకా ఇంటెల్ చిప్పుల మీద యూజర్ డేటాను ఎఫ్ఎస్ అనే సెగ్మెంట్ రిజిస్టర్ ద్వారా మాత్రమే తెచ్చుకునేవారు. 1996లో మొదలైన 2.1 శాఖలో, వేగం కోసం ఆ సెగ్మెంట్ల పద్ధతి వదిలేసి ఒకే విశాలమైన అడ్రస్ పటానికి మారారు. చదవబోయిన పేజీ లేకపోతే వచ్చే ఫాల్ట్‌ను ఎక్సెప్షన్ టేబుల్ ద్వారా పట్టుకునే తెలివైన ఏర్పాటు కూడా అప్పుడే వచ్చింది. సిస్టమ్ కాల్స్ వేగం పెరిగింది. కానీ ఆనాటి నుంచి యూజర్ పాయింటర్‌ను, అంటే యూజర్ ఇచ్చిన అడ్రస్‌ను, నేరుగా వాడిన డ్రైవర్ కూడా చక్కగా పనిచేసినట్టే కనిపించసాగింది. నా దృష్టిలో ఈ కథలో అసలు మలుపు ఇదే. తప్పు చేసినవాడికి ఆ తప్పు కంటపడే దారి మూసుకుపోయింది.

ఒక మామూలు డ్రైవర్‌ను దగ్గరగా చూద్దాం. దానికి ఐఓసీటీఎల్ అనే కాల్ ఒకటి ఉంటుంది. యాప్ ఒక స్ట్రక్చర్ పంపుతుంది. అందులో ఎన్ని నమూనాలు కావాలో చెప్పే సంఖ్య ఒకటి, వాటిని ఎక్కడ రాయాలో చెప్పే పాయింటర్ ఒకటి. కొత్తగా రాసేవాడు స్ట్రక్చర్ పాయింటర్‌ను నేరుగా వాడేస్తాడు. తన బల్ల మీద ఉన్న బోర్డులో వెయ్యిసార్లు నడిపినా ఏమీ కాదు. కొంచెం అనుభవం ఉన్నవాడు కాపీ_ఫ్రమ్_యూజర్ పిలుస్తాడు. అది అడ్రస్ యూజర్ హద్దుల్లో ఉందో లేదో యాక్సెస్_ఓకే ద్వారా చూసి, తర్వాతే కాపీ చేస్తుంది. అయితే అది వెనక్కిచ్చేది తప్పు కోడు కాదు, కాపీ కాకుండా మిగిలిపోయిన బైట్ల సంఖ్య. ఆ సంఖ్యను అలాగే యాప్‌కు తిప్పి పంపేస్తే యాప్‌కు మైనస్ 14, అంటే ఈఫాల్ట్, అందాల్సిన చోట ఏదో ధన సంఖ్య అందుతుంది. యాప్ దాన్ని విజయంగా లెక్కవేసుకుంటుంది. ఈ ఒక్క పొరపాటు మీద డాన్ కార్పెంటర్ లాంటి కెర్నెల్ డెవలపర్లు ఏళ్ళ తరబడి ప్యాచ్‌లు పంపుతూనే ఉన్నారు.

అదే డ్రైవర్‌లో ఇంకొంచెం ముందుకు వెళ్తే, సంఖ్యను ఒక్కో నమూనా సైజుతో గుణించి బఫర్ కేటాయించే లైను వస్తుంది. 32 బిట్లలో ఆ గుణకారం పొంగిపొర్లితే బఫర్ చిన్నదవుతుంది, కాపీ మాత్రం పెద్దదిగా జరుగుతుంది. చివరలో ఫలితాన్ని యాప్‌కు పంపేటప్పుడు స్ట్రక్చర్ ఫీల్డుల మధ్య కంపైలర్ వదిలిన ఖాళీ బైట్లలో కెర్నెల్ స్టాక్‌లోని పాత చెత్త ఉంటుంది. డ్రైవర్ ఆ స్ట్రక్చర్‌ను ముందే సున్నాలతో నింపకపోతే ఆ చెత్త యాప్‌కు చేరుతుంది. అందులో కెర్నెల్ అడ్రస్‌లు దొరికితే తర్వాతి దాడికి అది దారి చూపుతుంది. నలభై లైన్లు దాటని ఫంక్షన్‌లో ఇన్ని చోట్ల జారవచ్చు. ఆండ్రాయిడ్ కెర్నెల్ లోపాల్లో 2014 తర్వాత దాదాపు 45 శాతం, యూజర్ మెమరీకీ కెర్నెల్‌కూ మధ్య కాపీల్లో హద్దులు చూడకపోవడం వల్లో తప్పుగా చూడటం వల్లో వచ్చాయని గూగుల్ 2017లో లెక్క చెప్పింది. ఆ లెక్క చూశాక ఇది రాసేవాళ్ళ అజాగ్రత్త అని సరిపెట్టుకోవడం కుదరదు.

రాసేవాడు అంతా సరిగ్గా చేసినా దెబ్బతిన్న సందర్భం కూడా ఉంది. ఏఆర్ఎం వీ6కే, వీ7 చిప్పుల మీద గెట్_యూజర్, పుట్_యూజర్ అనే మూల ఫంక్షన్లే కొన్ని అడ్రస్‌లను పరీక్షించేవి కావు. 3.5.5 కెర్నెల్‌లో దాన్ని సరిచేశారు. ఫోన్ల కంపెనీలు ఆ మార్పును తమ పాత కెర్నెళ్ళలోకి తెచ్చుకోలేదు. ఫలితంగా 2013 అక్టోబరు, నవంబరు నెలల్లో ఆ రంధ్రంతో ఆండ్రాయిడ్ ఫోన్ల మీద దాడులు జరిగాయి. దానికి సీవీఈ-2013-6282 అని నంబరు. పద్ధతి ప్రకారం పిలిచిన డ్రైవర్ ఏ తప్పూ చేయకుండానే ఫోనును అప్పగించేసింది. అంతకు ముందు ఏడాది ఎక్సినాస్ చిప్ ఉన్న గెలాక్సీ ఫోన్లలో ఎక్సినాస్-మెమ్ అనే డివైస్ ఫైలు ఏ యాప్‌కైనా భౌతిక మెమరీ మొత్తం తెరిచి పెట్టిందని బయటపడింది. అది ఇంకో జాతి తప్పు కాబట్టి ఇక్కడ వదిలేస్తాను.

సెట్_ఎఫ్ఎస్ కథ మాత్రం వివరంగా చెప్పుకోవాలి. కెర్నెల్ లోపలి కోడు కొన్నిసార్లు, యూజర్ పాయింటర్ కోసం రాసిన ఫంక్షన్‌ను తన సొంత బఫర్ మీద వాడాలనుకుంటుంది. అందుకోసం హద్దుల పరీక్షను కాసేపు ఎత్తేసే సెట్_ఎఫ్ఎస్ అనే స్విచ్ ఒకటి ఉండేది. వేయాలి, పని చేసుకోవాలి, తీసేయాలి. మధ్యలో కెర్నెల్ కూలితే? 2010లో నెల్సన్ ఎల్హేజ్ ఈ ప్రశ్నే అడిగాడు. స్విచ్ వేసి ఉండగా ప్రాసెస్ తప్పుతో చచ్చిపోతే, చివరి శుభ్రతలో భాగంగా యూజర్ ఇచ్చిన అడ్రస్‌లో ఒక సున్నా రాసే కోడు అదే స్విచ్‌తో నడుస్తుందని చూపించాడు. అంటే కెర్నెల్‌లో కోరుకున్న చోట సున్నా రాయవచ్చు. డాన్ రోజెన్‌బర్గ్ దాన్ని, ఎవరూ వాడని ఎకోనెట్ అనే నెట్‌వర్క్ ప్రోటోకాల్‌లోని లోపాలతో కలిపి, మామూలు యూజర్ కూడా మెషీన్ మీద పూర్తి అధికారం ఉన్న రూట్ కాగలడని రుజువు చేశాడు. అప్పటికి ఆ ఒక్క దారి మూసేశారు. స్విచ్ అలాగే ఉండిపోయింది. మరో పదేళ్ళకు క్రిస్టోఫ్ హెల్విగ్ పూనుకుని, 2020 డిసెంబరులో వచ్చిన 5.10 కెర్నెల్‌లో ఎక్స్86, పవర్‌పీసీల నుంచి దాన్ని పీకేశాడు. ఆర్న్డ్ బెర్గ్‌మన్ 2022లో 5.18 నాటికి మిగిలిన చిప్పుల నుంచి కూడా తీసేయించాడు. ఒక స్విచ్‌ను తొలగించడానికి ఇన్నేళ్ళు పట్టిందంటే దాని మీద ఆధారపడ్డ ఒక్కో ఫైలునూ విడిగా చదివి, మార్చి, పరీక్షించాల్సి రావడమే కారణం. అలాంటి పనికి పేరు రాదు. కానీ కెర్నెల్ భద్రతకు ఇంతకన్నా గట్టి మేలు చేసిన మార్పులు తక్కువే.

శుభ్రం చేయబోయి రంధ్రం పెట్టిన సందర్భాన్ని కూడా సమీక్షలో దాచకూడదు. 2017లో వెయిట్ఐడీ అనే సిస్టమ్ కాల్‌ను చక్కదిద్దుతూ, ఒక్కో ఫీల్డునూ విడిగా పరీక్షించే ఫంక్షన్ల బదులు పరీక్ష లేని వేగమైన ఫంక్షన్లు పెట్టారు. వాటికి ముందు ఒక్కసారి యాక్సెస్_ఓకే పిలవాలి. ఆ ఒక్క లైను రాయడం మర్చిపోయారు. 4.13 కెర్నెల్ అలాగే విడుదలైంది. అక్టోబరులో సరిచేశారు. క్రోమ్ బ్రౌజర్ శాండ్‌బాక్స్ నుంచి కూడా దాంతో బయటపడవచ్చని క్రిస్ సాల్స్ చూపించాడు. ఆ మార్పు చేసినవారు కొత్తవారు కాదు. ఈ విషయంలో ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ తెలిసినవాళ్ళ చేతుల మీదుగానే అది జరిగింది.

మరుసటి ఏడాది ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ ఐ915లో ఇదే తంతు. గ్రాఫిక్స్ పనుల జాబితాను యాప్ నుంచి తీసుకునే కాల్‌లో హద్దుల పరీక్ష లేకుండానే యూజర్ మెమరీలోకి రాత జరుగుతోందని 2018 చివరలో బయటపడింది. ఈసారి లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఆ డ్రైవర్ ఒక్కదాన్నే సరిచేసి ఊరుకోలేదు. వేగమైన ఫంక్షన్లు వాడాలంటే ముందు యూజర్_యాక్సెస్_బిగిన్ అని పిలవాలి కదా, పరీక్షను దాని లోపలే పెట్టేశాడు. అది పిలవకుండా కోడు ముందుకు సాగదు. పిలిస్తే పరీక్ష దానంతటదే జరిగిపోతుంది. 5.0 కెర్నెల్‌తో పాటు వచ్చిన ఆ మార్పు పట్టుమని కొన్ని పదుల లైన్లు. ఇన్ని సంఘటనలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు తేలేది ఇది: భారం రాసేవాడి జ్ఞాపకం మీద పెట్టినంతకాలం రంధ్రాలు పుడుతూనే వచ్చాయి, తప్పుగా రాయడమే కుదరని ఏర్పాటు చేసినప్పుడు మాత్రం ఆ జాతి రంధ్రాలు దాదాపుగా ఆగిపోయాయి.

ఆ ఏర్పాట్లలో అన్నిటికన్నా గట్టిది హార్డ్‌వేర్ నుంచి వచ్చింది. ఇంటెల్ 2014లో బ్రాడ్‌వెల్ చిప్పులతో స్మాప్ తెచ్చింది. కెర్నెల్ యూజర్ మెమరీని తాకాలంటే ముందు ఒక ఇన్‌స్ట్రక్షన్‌తో తలుపు తీయాలి, పనయ్యాక ఇంకోదానితో వేయాలి. తలుపు తీయకుండా నేరుగా యూజర్ పాయింటర్ వాడిన డ్రైవర్ అక్కడికక్కడే కూలిపోతుంది. ఏఆర్ఎం 8.1లో ప్యాన్ పేరుతో అదే వచ్చింది. పీడీపీ-11లో ఉండి, తర్వాత వేగం కోసం వదులుకున్న గోడను నలభై ఏళ్ళకు మళ్ళీ కట్టుకున్నట్టయింది. దానివల్ల డ్రైవర్ రాసే కుర్రవాడికి తన తప్పు తన బల్ల మీదే, మొదటి రోజే తెలుస్తుంది. కంపైలర్ వైపు నుంచి 2003లో టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన స్పార్స్ ఉంది. యూజర్ పాయింటర్లకు ఒక గుర్తు తగిలించి, గుర్తున్న పాయింటర్‌ను నేరుగా వాడితే హెచ్చరిస్తుంది. 2016లో 4.8 కెర్నెల్‌లోకి కీస్ కుక్ తెచ్చిన హార్డెన్డ్ యూజర్‌కాపీ, కాపీ చేసే పరిమాణం కెర్నెల్ వైపు బఫర్‌ను దాటుతోందేమో నడుస్తుండగానే చూస్తుంది. గూగుల్‌లో డిమిత్రీ వ్యూకోవ్ మొదలుపెట్టిన సిజ్‌కాలర్ రాత్రింబవళ్ళు వంకర అడ్రస్‌లతో సిస్టమ్ కాల్స్‌ను గుద్దుతూ ఉంటుంది. ఇవన్నీ ఒకదాని ఖాళీని ఒకటి పూడుస్తాయి. ఏ ఒక్కటీ అన్నిటినీ పట్టలేదు.

వీటన్నిటి కన్నూ కప్పగలిగే తప్పు డబుల్ ఫెచ్. డ్రైవర్ ముందు స్ట్రక్చర్ తలభాగాన్ని చదివి పొడవు సరిగ్గా ఉందా చూస్తుంది. సరిపోయిందనుకుని రెండోసారి మొత్తం స్ట్రక్చర్‌ను చదువుతుంది, ఆ రెండోసారి వచ్చిన పొడవునే వాడుతుంది. ఈ రెండు చదువుల మధ్య యాప్‌లోని ఇంకో థ్రెడ్ పొడవును మార్చేస్తే? మదనపల్లె టమాటా మార్కెట్‌లో వేలానికి చూపిన బాక్సు ఒకటి, లారీకెక్కింది మరొకటి అయితే వ్యాపారి ఎలా మోసపోతాడో డ్రైవర్ అలాగే మోసపోతుంది. రెండు కాపీలూ పద్ధతి ప్రకారమే జరిగాయి, అడ్రస్ యూజర్‌దే, స్పార్స్‌కు ఫిర్యాదు లేదు, స్మాప్‌కు అభ్యంతరం లేదు. 2013లో మాతెయుష్ యుర్చిక్, గిన్వాయెల్ కోల్డ్‌విండ్ విండోస్ కెర్నెల్‌లో ఇలాంటివి డజన్ల కొద్దీ బయటికి తీశారు. 2017లో పెంగ్‌ఫెయ్ వాంగ్ బృందం లినక్స్, ఆండ్రాయిడ్, ఫ్రీబీఎస్‌డీ కెర్నెళ్ళను వెతికితే లినక్స్‌లో ఇలా రెండుసార్లు చదివే చోట్లలో ఎక్కువ భాగం డ్రైవర్లలోనే కనబడ్డాయి. డ్రైవర్‌కు వచ్చే సందేశాల పొడవు మారుతూ ఉంటుంది, తల చదివితేగాని ఒళ్ళు ఎంతో తెలియదు, కాబట్టి ఆ అలవాటు అక్కడే పెరిగింది. మందు తేలికే. రెండోసారి చదివాక పొడవును మళ్ళీ సరిచూడాలి, లేదా మొదట చదివిన విలువనే దాని మీద రాసేయాలి.

విండోస్‌లో దారి వేరు. మెథడ్ బఫర్డ్ అనే పద్ధతిలో ఐఓ మేనేజరే యాప్ డేటాను కెర్నెల్ బఫర్‌లోకి తెచ్చి డ్రైవర్‌కు అందిస్తుంది. డ్రైవర్ యూజర్ మెమరీని తాకే పనే లేదు. మెథడ్ నైదర్‌లో మాత్రం అసలు పాయింటరే చేతికొస్తుంది, ప్రోబ్‌ఫర్‌రీడ్ పిలుచుకోవడం డ్రైవర్ బాధ్యత. పాయింటర్‌ను మామూలుగా వాడితే కంపైలర్ తన సౌకర్యం కోసం దాన్ని రెండుసార్లు చదివే కోడు పుట్టించవచ్చు. అప్పుడు సోర్సులో ఎక్కడా లేని డబుల్ ఫెచ్ బైనరీలో తయారవుతుంది. ఈ మధ్య మైక్రోసాఫ్ట్ యూజర్ మెమరీని చదవడానికీ రాయడానికీ ప్రత్యేక ఫంక్షన్లు తెచ్చి, డ్రైవర్లన్నీ వాటికి మారాలంటోంది. యునిక్స్ ఆరో ఎడిషన్‌లో ఉన్న పద్ధతికే విండోస్ కూడా చేరుకుందన్నమాట.

రస్ట్ భాష దీన్ని ఇంకొక అడుగు ముందుకు తీసుకెళ్ళింది. 2022 డిసెంబరులో 6.1తో లినక్స్‌లోకి వచ్చిన రస్ట్‌కు 2024లో యూజర్ మెమరీ కోసం ఒక రకం (టైప్) చేర్చారు. యూజర్ అడ్రస్ అందులో పెడితే దాన్ని నేరుగా వాడే దారే ఉండదు. చదువుతున్నకొద్దీ అది ముందుకు జరిగిపోతుంది, కాబట్టి పొరపాటున అదే చోటును రెండోసారి చదవడం కష్టం. కొత్త డ్రైవర్లకు ఇది మంచి పునాది. కానీ లక్షల లైన్ల పాత సీ డ్రైవర్లను ఎవరూ ఇప్పట్లో తిరగరాయరు. వాటి సంగతి ప్యాచ్ ప్యాచ్‌గానే తేలాలి.

ఆ ప్యాచ్‌ల పనిలోకి మన పిల్లలు రావచ్చని నా నమ్మకం. కెర్నెల్‌లో స్టేజింగ్ అనే విభాగం 2008 నుంచి ఉంది, నాణ్యత చాలని డ్రైవర్లను అందులో పెట్టి మెరుగుపరుస్తారు. కొత్తవాళ్ళు అక్కడ ఖాళీలు, కామాలు సర్ది మొదటి ప్యాచ్ పంపుతుంటారు. దానివల్ల ప్యాచ్ పంపే పద్ధతి వస్తుంది, అంతకుమించి ఏమీ రాదు. యూజర్ మెమరీ మరమ్మతు అలా కాదు, ఒక్క ఐఓసీటీఎల్‌ను మొదటి నుంచి చివరిదాకా చదివి తీరాలి. ముందు డబుల్ అండర్‌స్కోర్‌తో మొదలయ్యే కాపీ ఫంక్షన్లను వెతకాలి. అవి హద్దుల పరీక్షను దాటవేసే రకాలు. డ్రైవర్‌లో వాటిని వాడటానికి సరైన కారణం దాదాపు ఎప్పుడూ ఉండదు. 2020లో కెర్నెల్ డెవలపర్ అల్ వైరో ఐ915 నుంచి వాటిని వరసగా తీసేసి మామూలు కాపీ_టు_యూజర్ పెట్టుకుంటూ పోయాడు. ఆ ప్యాచ్‌లను ఒకదాని తర్వాత ఒకటి చదివితే ఏ పాఠ్యపుస్తకమూ ఇవ్వని శిక్షణ దొరుకుతుంది. తర్వాత కేటాయింపు, కాపీ విడివిడిగా రాసిన చోట మెమ్‌డప్_యూజర్ పెట్టవచ్చు. అలాంటి చోట్లు వెతకడానికి జూలియా లావాల్ బృందం చేసిన కాక్సినెల్ పనిముట్టు కూడా ఉంది. పనిముట్టు చూపిన ప్రతి చోటునూ కళ్ళు మూసుకుని మార్చేస్తే మాత్రం వెయిట్ఐడీ లాంటి ముప్పే మళ్ళీ వస్తుంది. హార్డ్‌వేర్ చేతిలో లేకుండా, కంపైల్ అయితే చాలనుకుని పంపిన ప్యాచ్‌ను నిర్వాహకులు అనుమానంగా చూడటంలో న్యాయం ఉంది.

సమస్యలో తేలనిది ఒకటే మిగిలింది. అది కోడుకు సంబంధించింది కాదు. పుంగనూరు బస్టాండు దగ్గర ఏ రిపేరు షాపులోనైనా బల్ల మీదున్న పాత ఫోన్ల సెట్టింగులు తెరిచి కెర్నెల్ వెర్షన్ చూడండి. 3.10, 4.9, 4.14 లాంటి అంకెలు కనిపిస్తాయి. 3.10కు 2017 నవంబరులో, 4.9కు 2023 జనవరిలో, 4.14కు 2024 జనవరిలో మూల కెర్నెల్ నుంచి మరమ్మతులు ఆగిపోయాయి. ఆపైన ఏ లోపం సరిదిద్దినా ఆ ఫోనుకు చేర్చాల్సింది తయారీదారు ఒక్కడే. 2013లో ఏఆర్ఎం లోపం ఇలాగే, మూలంలో మందు దొరికాక కూడా ఫోన్లలో బతికింది. యూరోపియన్ యూనియన్ 2025 జూన్ నుంచి ఫోన్లకూ ట్యాబులకూ, అమ్మకం ఆపిన తర్వాత ఐదేళ్ళ దాకా అప్‌డేట్లు ఇవ్వాలని నిబంధన పెట్టింది. లక్షల ట్యాబులు, వేల ఈ-పాస్ యంత్రాలు కొనే రాష్ట్ర ప్రభుత్వానికి చట్టం కోసం ఎదురుచూడాల్సిన అవసరం లేదు, టెండరులోనే రాయవచ్చు. కెర్నెల్ ఏ శాఖ, దానికి మూలంలో మద్దతు ఎప్పటిదాకా, ఆ తర్వాత మరమ్మతులు ఎన్నేళ్ళు ఇస్తారు. ఈ మూడూ ధరతో పాటు అడగాల్సినవి.

నాలుగోది అడగకుండానే హక్కుగా ఉంది. లినక్స్ కెర్నెల్ జీపీఎల్ రెండో వెర్షన్ కింద వస్తుంది, యంత్రం అమ్మినవాడు అందులోని కెర్నెల్ సోర్సును కోరినవారికి ఇవ్వాల్సిందే. కొన్ని పెద్ద కంపెనీలు తమ ఫోన్ల, ట్యాబుల కెర్నెల్ సోర్సును ముందే బయట పెడుతున్నాయి కూడా. అంగళ్ళులోనో కుప్పంలోనో ఫైనలియర్ ప్రాజెక్టుకు విషయం వెతుక్కునే బృందం, తమ ఊరి బడిలోని ట్యాబు మోడల్ నంబరు చూసి ఆ సోర్సు తెచ్చుకోవచ్చు. డ్రైవర్ల డైరెక్టరీ మీద స్పార్స్, కాక్సినెల్, అలాంటిదే అయిన స్మ్యాచ్ అనే పనిముట్టు నడపవచ్చు. హెచ్చరికల్లో ఎన్ని నిజమైనవో, ఎన్ని మూల కెర్నెల్‌లో ఇప్పటికే సరిదిద్దినవో వేరుచేసి, మిగిలినవాటిని బయటపెట్టకముందే తయారీదారుకు తెలియజేయవచ్చు. అందుకు ల్యాబులో ఉన్న మామూలు కంప్యూటరు చాలు.